వికలాంగుల హక్కులు: రాష్ట్రం మార్చాల్సిన చట్టాలు, రూల్సు – రాయలసీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో వికలాంగుల పనుల మీద తిరిగే మాలాంటి వాళ్లను జనం అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే ప్రభుత్వ సర్టిఫికెట్), పెన్షన్, బడి, ఉద్యోగం, ఆఫీసు మెట్లు. జవాబు చెబుతూ పోతే ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతాం. చట్టంలో హక్కు ఉంది, దాన్ని అడిగి తెచ్చుకునే చోటు మాత్రం మన జిల్లాలో లేదు. దాన్ని ఏర్పాటు చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ. అందుకే హక్కుల వివరాలతో పాటు, రాష్ట్రం ఏం మార్చాలని మేం కోరుతున్నామో కూడా ఇక్కడ రాస్తున్నాం.

కేంద్రం 2016లోనే పెద్ద చట్టం చేసింది కదా. రాష్ట్రం మార్చడానికి ఇంకేం మిగిలింది?

చాలా మిగిలింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21 ఉన్నాయి. ఆటిజం, తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, ఇలా చాలామంది కొత్తగా చేరారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం, ఇళ్ల కేటాయింపు, సాగుభూమి, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ ఆ చట్టం ఇచ్చినవే.

అయితే ఆ చట్టం చాలా పనుల్ని రాష్ట్రాల చేతికే అప్పగించింది. రాష్ట్ర కమిషనర్‌ను నియమించడం, జిల్లా కమిటీ ఏం పని చేయాలో రాయడం, సర్టిఫికెట్ మీద అప్పీలు ఎవరు వినాలో చెప్పడం, ప్రతి జిల్లాలో ఒక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా ప్రకటించడం, ఇవన్నీ రాష్ట్రం పనులే. రూల్సు చేసే అధికారం కూడా సెక్షన్ 101 కింద రాష్ట్రానికి ఉంది. రూల్సులో గడువు లేకపోతే, బాధ్యుడు ఎవరో రాయకపోతే, ఎంత మంచి చట్టమైనా ఫైలు దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర జరుగుతున్నది అదే.

కేంద్ర చట్టం ఉన్నాక రాష్ట్రం సొంత చట్టం చేయొచ్చా? కోర్టులో నిలుస్తుందా?

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006 డిసెంబరు 13న వచ్చింది. మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ఆమోదించింది. ఆ ఒప్పందాన్ని అమలు చేయడానికే పార్లమెంటు 2016 చట్టం చేసింది. కాబట్టి అందులోని హక్కుల్ని తగ్గించే చట్టం ఏ రాష్ట్రమూ చేయలేదు. హక్కుల్ని పెంచడానికి, అమలుకు దారి వేయడానికి మాత్రం చోటుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో వికలాంగులకు సాయం చేయడం రాష్ట్ర జాబితాలోనే ఉంది, తొమ్మిదో అంశం. పంచాయతీలు, మున్సిపాలిటీలు, వాటి పరిధిలో కట్టడాలకు అనుమతులు, రాష్ట్ర సర్వీసు రూల్సు, పోలీసు శాఖ, ఇవి కూడా రాష్ట్రానివే. పైగా 2016 చట్టంలోని సెక్షన్ 96 ప్రకారం ఆ చట్టం మిగతా చట్టాలకు అదనం, వాటిని రద్దు చేసేది కాదు.

మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. కొత్త పేరుతో ఇంకో పెద్ద చట్టం కోసం పదేళ్లు ఎదురుచూడడం కంటే, ఉన్న రాష్ట్ర చట్టాల్లో, రూల్సులో తగిన చోట తగిన వాక్యం చేర్పించడమే తొందరగా ఫలితం ఇస్తుంది. ఎక్కడెక్కడో కింద చెప్తాం.

రాజ్యాంగంలోనే వివక్ష కూడదని ఉంది కదా?

15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని రాశారు. వైకల్యం ఆ వరుసలో లేదు. 14, 21 అధికరణాల కింద కోర్టులు రక్షణ ఇస్తున్నాయి, 41వ అధికరణం సాయం గురించి చెబుతుంది. నేరుగా వివక్షను నిషేధించేది మాత్రం 2016 చట్టంలోని సెక్షన్ 3. అందుకే ఆ చట్టం అమలు మీద ఇంత పట్టుబడుతున్నాం.

మా మండలాఫీసుకు మెట్లే ఉన్నాయి. ర్యాంపు లేదు. ఉన్నచోట కూడా వీల్‌చైర్ ఎక్కదు. ఏం చేయాలి?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సెక్షన్ 44 ప్రకారం, వికలాంగులు వాడుకునేలా కట్టని భవనానికి ప్లాన్ అనుమతి ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదు. అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాల్ని ఐదేళ్లలో మార్చాలని సెక్షన్ 45 చెప్పింది. కేంద్ర రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే ఆ గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది. బ్యాంకులు, ఆస్పత్రులు, బస్టాండ్ల వంటి సేవల గడువైతే రెండేళ్లే, అది 2019లోనే దాటింది.

గడువు దాటినా ఏమీ కాకపోవడానికి ఒక కారణం ఆ కేంద్ర రూల్సులోనే ఉండేది. సౌకర్యాల ప్రమాణాల గురించిన 15వ రూలు సలహాలాగా ఉందే తప్ప తప్పనిసరి కాదని, అలా ఉండడం అసలు చట్టానికే విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తేల్చింది. కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాల్ని విడిగా రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. మన రాష్ట్రానికి కూడా ఈ తీర్పు పాఠం కావాలి. ఏపీ బిల్డింగ్ రూల్స్ 2017లో వికలాంగుల సౌకర్యాల ప్రస్తావన ఉంది. కానీ ప్లాన్ ఆమోదించిన అధికారి దాన్ని చూడకపోతే ఏమవుతుందో కూడా అక్కడే రాసి ఉండాలి.

ర్యాంపు అంటే వంపుగా సిమెంటు పోయడం కాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మెట్లు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు పద్దెనిమిది అడుగులు రావాలి. చాలా చోట్ల నాలుగైదు అడుగుల్లో ముగించేస్తారు. అలాంటి దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కడప బండలు, బేతంచెర్ల బండలు చవగ్గా దొరుకుతాయని ర్యాంపు మీద కూడా నున్నగా పాలిష్ పట్టినవి పరుస్తారు. నాలుగు చినుకులు పడితే చేతికర్ర జారిపోతుంది. బండే వేయాలనుకుంటే గరుకు ముఖం పైకి వేయాలి, పక్కన పట్టుకోవడానికి రైలింగ్ పెట్టాలి.

ఇక మేం కోరే మార్పు. బిల్డింగ్ రూల్సులో ఈ కొలతలు నేరుగా రాయాలి. పూర్తయిన సర్టిఫికెట్ ఇచ్చే ముందు వికలాంగుల సంఘం నుంచి ఒకరు వెళ్లి చూసి సంతకం చేయాలి. సంతకం లేకుండా సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి జీతం నుంచి జరిమానా పడాలి. ఇందులో ఏదీ పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని కాదు.

నాకు అన్యాయం జరిగింది. ఎవరికి చెప్పుకోవాలి? అంత దూరం పోలేను.

ముందు ఇప్పుడున్న దారులు చూద్దాం. అన్యాయం ప్రభుత్వ ఆఫీసులోనే జరిగితే, సెక్షన్ 23 ప్రకారం ఆ ఆఫీసులో ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలి. రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడగండి. జిల్లా స్థాయిలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఉంటారు. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వొచ్చు.

వీటి పైన రాష్ట్ర కమిషనర్ ఉంటారు. సాక్షుల్ని పిలిపించడం, కాగితాలు తెప్పించడం వంటి విషయాల్లో ఆయనకు సివిల్ కోర్టుతో సమానమైన అధికారాలు ఉన్నాయి. ఫిర్యాదు లేకపోయినా తనంతట తానే విచారణ మొదలుపెట్టొచ్చు. కానీ ఆయన ఇచ్చేది సిఫారసు. మూడు నెలల్లో అమలు చేసి చెప్పాలి, లేదంటే ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసి పంపాలి. కారణం రాసేస్తే ఆఫీసు బాధ్యత తీరిపోతుంది. బాధితుడు మళ్లీ హైకోర్టుకే వెళ్లాలి. అనంతపురం నుంచి అమరావతికి వెళ్లి రావడం కళ్లూ కాళ్లూ బాగున్నవాళ్లకే కష్టం. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. ఆ డిమాండును మామూలుగా లాయర్ల డిమాండుగానే చూస్తారు. వీల్‌చైర్‌లో ఉన్న కక్షిదారుకు అది ఇంకా పెద్ద విషయం.

మార్పు ఎక్కడ కావాలంటే సెక్షన్ 72 దగ్గర. అది జిల్లా కమిటీ గురించి. దాని పనులు రాష్ట్రం రూల్సులో రాసుకోవచ్చు. ఆ కమిటీ నెలకొకసారి తప్పకుండా కూర్చోవాలి, ఫిర్యాదుపై 45 రోజుల్లో నిర్ణయం రాసి ఇవ్వాలి, ఆఫీసరు రాకపోతే ఆ విషయం సర్వీసు రికార్డులోకి ఎక్కాలి. సభ్యుల్లో సగం మంది వికలాంగులే ఉండాలి, అందులో ఆడవాళ్లు ఉండాలి. రాష్ట్ర కమిషనర్ పోస్టు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, వేరే శాఖ చూసే అధికారికి అదనపు బాధ్యతగా అంటగట్టకూడదు. ఆయన ఏడాదిలో కొన్ని రోజులు కర్నూలు, అనంతపురం, కడపల్లోనే కూర్చుని కేసులు వినాలి. వినలేని, మాట్లాడలేని వాళ్లు వస్తే సైగల భాష తెలిసిన మనిషిని ప్రభుత్వమే పిలిపించాలి. పోలీస్ స్టేషన్‌లో కూడా ఇదే జరగాలి. మనిషి లేక ఫిర్యాదు రాసుకోకుండా వెనక్కి పంపితే, సెక్షన్ 12 ఇచ్చిన న్యాయం పొందే హక్కును కాలరాసినట్టే.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఫ్లోరైడ్ నీళ్లతో మా నాన్న నడుము వంగిపోయింది. సదరంలో 40 శాతం రాలేదు. ఇక ఏ హక్కూ లేనట్టేనా?

అనంతపురం జిల్లా పల్లెల్లో చాలామంది ఇళ్లలో ఉన్న బాధ ఇది. 1990లలో సత్యసాయి మంచినీటి పథకం వచ్చాక చాలా ఊళ్లకు మంచి నీళ్లు అందాయి. అంతకుముందు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకలు మాత్రం తిరిగి రావు. 21 వైకల్యాల జాబితాలో ఫ్లోరోసిస్ అనే పేరు విడిగా లేదు. ఎముకలు, కండరాలు, నరాల వల్ల కదలికకు ఇబ్బంది ఉంటే అది చలన వైకల్యం కిందికి వస్తుంది. కాబట్టి సదరం వైద్య బోర్డు ముందు జబ్బు పేరు కంటే, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పడం ముఖ్యం. మెడ తిప్పలేకపోవడం, కింద కూర్చుని లేవలేకపోవడం, బిందె ఎత్తలేకపోవడం. ఎక్స్‌రేలు, పాత చీటీలు తీసుకెళ్లండి.

40 శాతం రాకపోయినా హక్కులన్నీ పోవు. రిజర్వేషన్లు, చాలా పథకాలకు 40 శాతం కావాలి, నిజమే. కానీ వివక్ష చూపకూడదన్న నియమానికి, అవసరమైన సర్దుబాటు చేయాలన్న నియమానికి శాతంతో పనిలేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రాసేటప్పుడు చేయి పట్టేసే జబ్బున్న అభ్యర్థికి, 40 శాతం లేదన్న కారణంతో రాసిపెట్టే సహాయకుణ్ని నిరాకరించడం తప్పని తీర్పు ఇచ్చింది. మీ నాన్న ఉపాధి పనికి వెళ్తే తేలిక పని అడగొచ్చు, రేషన్ దగ్గర, బ్యాంకులో కూర్చునే చోటు అడగొచ్చు.

సర్టిఫికెట్‌తో ఏకీభవించకపోతే సెక్షన్ 59 కింద అప్పీలు ఉంది. ఈ సంగతి చాలామందికి బోర్డు దగ్గర ఎవరూ చెప్పరు. 2025లో పెన్షన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ఎందరో నోటీసులు అందుకుని బెంబేలెత్తిపోయారు. తప్పుడు సర్టిఫికెట్లు ఏరివేయాల్సిందే, మేం కాదనం. సెక్షన్ 91లో మోసానికి రెండేళ్ల దాకా జైలు కూడా ఉంది. అయితే మంచం మీదున్న మనిషిని ఆటోలో జిల్లా ఆస్పత్రికి మోసుకొచ్చి నిరూపించుకోమనడం న్యాయం కాదు. రాష్ట్ర రూల్సులో నాలుగు మాటలు చేరాలి. శాతం ఎందుకు తగ్గిందో కారణం తెలుగులో రాసివ్వాలి. అప్పీలు తేలేదాకా పెన్షన్ ఆపకూడదు. కదలలేనివాళ్ల దగ్గరకు డాక్టరే రావాలి. నయంకాని వైకల్యానికి ఒకసారి శాశ్వత సర్టిఫికెట్ ఇచ్చాక, స్పష్టమైన ఫిర్యాదు ఉంటే తప్ప మళ్లీ పిలవకూడదు.

పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేదేనా?

కాదు. సెక్షన్ 24 ప్రకారం, మిగతావాళ్లకు ఇచ్చే ఇలాంటి పథకం కంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ 4,000, వికలాంగుల పెన్షన్ 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. లెక్క చట్టం కోరిన దానికంటే మెరుగ్గానే ఉంది. అయితే ఇది ప్రభుత్వ ఉత్తర్వు మీద నడుస్తోంది. రేపు వృద్ధాప్య పెన్షన్ పెంచి దీన్ని అలాగే వదిలేస్తే తేడా కరిగిపోతుంది. ఒకటి పెరిగితే రెండోది తనంతట పెరిగేలా రాష్ట్ర చట్టంలోనే రాయాలి.

పాలిష్ ఫ్యాక్టరీలో చేయి పోయింది. పని నుంచి తీసేశారు. ప్రభుత్వ ఉద్యోగికైతే వేరే పని ఇస్తారట కదా?

అవును. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పోస్టు చూపాలి. అది సెక్షన్ 20. ఆర్టీసీలో రంగులు గుర్తుపట్టలేని డ్రైవర్‌కు వేరే పని చూపకుండా ఇంటికి పంపడం చెల్లదని తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది. కానీ ఆ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల పనిలో, సిమెంటు పనిలో ఉన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. ప్రమాద నష్టపరిహారం మాత్రం వేరుగా అడగొచ్చు, దాన్ని వదులుకోవద్దు.

చట్టంలోని పెద్ద లోటు ఇదే అని మా నమ్మకం. దీన్ని పూడ్చడానికి రాష్ట్రం దగ్గర రెండు పనిముట్లున్నాయి. ఒకటి 1988 షాపులు, సంస్థల చట్టం, అది రాష్ట్ర చట్టమే. వైకల్యం కారణంగా ఎవరినీ తీసేయకూడదు, తీసుకోననకూడదు అని అందులో ఒక సెక్షన్ చేర్చవచ్చు. రెండోది, పరిశ్రమలకు ఇచ్చే భూమి, కరెంటు రాయితీలు. ప్రైవేటు సంస్థల్లో 5 శాతం మంది వికలాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని సెక్షన్ 35 ఎలాగూ చెప్పింది. ఓర్వకల్లు, కొప్పర్తి లాంటి చోట్ల కొత్తగా భూమి ఇచ్చేటప్పుడే ఆ షరతు ఒప్పందంలో రాస్తే సరిపోతుంది.

ప్రైవేటు స్కూలువాళ్లు మా పాపను చేర్చుకునేది లేదంటున్నారు, 'మాకు ట్రైనింగ్ లేదు' అంటున్నారు.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ అలా అనకూడదు, సెక్షన్ 16 ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. తిరస్కరిస్తే ఆ మాట రాసివ్వమనండి. చాలాసార్లు అక్కడే దిగొస్తారు. లేదంటే జిల్లా విద్యాధికారికి (డీఈవో) అర్జీ పెట్టండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచర్లతో మాట్లాడండి. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, పైన పదిహేనుమందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన పోస్టులు మంజూరు చేసి శాశ్వతంగా భర్తీ చేయడం రాష్ట్రం బాధ్యత. అనంతపురం జిల్లాలో ఆర్డీటీ లాంటి స్వచ్ఛంద సంస్థ వికలాంగ పిల్లల కోసం చాలా చేసింది. అంతమాత్రాన ప్రభుత్వ బడి బాధ్యత తగ్గదు.

ఊళ్లో 'కుంటోడా', 'మెంటల్' అని పిలుస్తారు. కేసు పెట్టొచ్చా?

నలుగురిలో కావాలని అవమానిస్తే సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. కొట్టడం, తిండి పెట్టకపోవడం, చేతికర్ర, వీల్‌చైర్ లాక్కోవడం, లైంగిక వేధింపు కూడా అందులోనే వస్తాయి. స్టేషన్‌లో ఈ సెక్షన్ గురించి తెలియకపోతే అర్జీలో మీరే నంబరు రాయండి. మిగతా ఉల్లంఘనలకు సెక్షన్ 89లో మొదటిసారి జరిమానా 10,000 లోపే. పెద్ద సంస్థకు అదేం లెక్క?

పంచాయతీలో మా మాట వినిపించేదెలా?

తమిళనాడు 2025లో తన స్థానిక సంస్థల చట్టాల్ని మార్చి, వాటిలో వికలాంగుల్ని నామినేట్ చేసే ఏర్పాటు చేసింది. మన 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని, మున్సిపల్ చట్టాల్ని కూడా అలాగే మార్చవచ్చు. ప్రతి గ్రామ పంచాయతీలో, మండల పరిషత్‌లో, మున్సిపాలిటీలో ఒక వికలాంగ మహిళ, ఒక వికలాంగ పురుషుడు సభ్యులుగా ఉంటే వీధి కుళాయి ఎత్తు ఎంతుండాలో చెప్పడానికి ఎవరో బయటివాళ్లు రానక్కర్లేదు. దేశంలో వివిధ రాష్ట్రాల పాత చట్టాల్లో కుష్ఠు, చెవుడు, మూగతనం ఉన్నవాళ్లను పోటీకి అనర్హుల్ని చేసిన నిబంధనలు ఉండేవి. ఒడిశా మున్సిపల్ చట్టంలోని కుష్ఠు నిబంధన మీద 2008లో కేసు వచ్చినప్పుడు, శాసనసభ దాన్ని మళ్లీ ఆలోచించాలని సుప్రీంకోర్టు సూచించింది. మన రాష్ట్ర చట్టాలన్నిటినీ ఒక కమిటీ కూర్చుని మొదటి పేజీ నుంచి చదివి, అలాంటి వాక్యం ఎక్కడ మిగిలి ఉన్నా తీసేయాలి.

మానసిక సమస్య ఉన్నవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లే సంతకాలు పెట్టొచ్చా?

ఆస్తి కలిగి ఉండడం, బ్యాంకు ఖాతా నడపడం అందరితో సమానంగా వాళ్ల హక్కు, సెక్షన్ 13 చూడండి. సహాయం అవసరమైతే పరిమిత సంరక్షకుణ్ని పెట్టొచ్చు. ఆయన ఆ మనిషితో మాట్లాడి, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి. భూమి పంపకాల సమయంలో ఈ మాట గుర్తుంచుకోండి, మోసాలు అక్కడే ఎక్కువ.

ఈ మార్పుల కోసం మేం ఏం చేయగలం?

మీ ఊరి గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి. ఒక్క విషయం మీదే రాయించండి, ఉదాహరణకు జిల్లా కమిటీకి 45 రోజుల గడువు. దాని నకలు మీ ఎమ్మెల్యేకు, ఏడీ ఆఫీసుకు, రాష్ట్ర సలహా మండలికి పంపండి. సమాచార హక్కు కింద కలెక్టరేట్‌ను మూడు ప్రశ్నలు అడగండి. జిల్లా కమిటీ గత ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది? ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి? జిల్లాలో ప్రత్యేక కోర్టుగా ఏ కోర్టును ప్రకటించారు? వచ్చిన జవాబు కాగితాన్ని దాచిపెట్టండి. ఎమ్మెల్యేతో మాట్లాడేటప్పుడు, అసెంబ్లీలో ప్రశ్న వేయించేటప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది. అర్జీ తెలుగులో రాస్తే చాలు. చూపు లేనివాళ్లు ఇంకొకరితో రాయించి వేలిముద్ర వేసినా అధికారి తీసుకోవాల్సిందే.